ముసలి కుక్క ఉన్నట్టుండి తల వాల్చి తూలుతుంటే పక్షవాతమేనా?

చాలాసార్లు కాదు, లోపలి చెవిలో ఒంటి బ్యాలెన్స్ చూసే వ్యవస్థ ఒక పక్క దెబ్బతినడం వల్లే ముసలి కుక్కలు ఎక్కువగా ఇలా తూలతాయి.

తల ఎటు తిరిగిందో రెండు చెవుల నుంచీ మెదడుకు ఎప్పుడూ కబురు వెళ్తుంటుంది. ఒక పక్క అది ఆగితే, కుక్క కదలకుండా ఉన్నా గిర్రున తిరుగుతున్నట్టే మెదడుకు తోస్తుంది. అందుకే కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, వాంతులవుతాయి. ఎందుకిలా ఆగిందన్నది చాలా కేసుల్లో పరీక్షలకీ అందదు.

విజయవాడ సత్యనారాయణపురంలో ఓ 13 ఏళ్ల లాబ్రడార్ అనుకోండి. రాత్రి పెరుగన్నం శుభ్రంగా తింది. పొద్దున లేవబోయి ఎడమ పక్కకి పడింది. నీళ్ల గిన్నె కోసం మూతి చాపితే అది పక్కనున్న నేలకి తగులుతోంది. చూసేవాళ్లకి ప్రాణం పోయినట్టే ఉంటుంది. కానీ సాధారణంగా 2, 3 రోజుల్లో తూలడం తగ్గుముఖం పడుతుంది, 2, 3 వారాల్లో మామూలుగా నడుస్తుంది. తల కాస్త వంకరగా మిగిలిపోవచ్చు. అప్పటిదాకా జారే టైల్స్ మీద గోనెపట్టా పరచండి, మెట్లవైపు వెళ్లనివ్వకండి, గిన్నె మూతి దగ్గర పట్టుకోండి.

పక్షవాతమనుకుని మొదటి రోజే ఆశ వదిలేయడం పెద్ద పొరపాటు. ఇక్కడ సాధారణంగా కాళ్లలో బలం ఉంటుంది, నిలకడే ఉండదు. అయితే చెవిలో ఇన్ఫెక్షన్, మెదడు జబ్బులు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి అదే రోజు పశువుల డాక్టరుకి చూపించాలి.