డుషెన్ సెల్ లైన్ల పేర్ల చిక్కుకి సమాధానం

చెల్లెమ్మా, మాది పర్లాకిమిడి. బరంపురంలో డుషెన్ కండర క్షీణత మీద పనిచేస్తున్నావని చదివి సంతోషమేసింది. ఒకే సెల్ లైన్ (ల్యాబులో పెంచుతూ వచ్చే ఒకే మూలం కణాలు) పరిశోధన పేపరుకో పేరుతో కనిపిస్తోందన్నావు కదా, పేర్లు వదిలెయ్. స్విట్జర్లాండ్ వాళ్ల సెల్లోసారస్ డేటాబేస్ ఉచితమే, అందులో జబ్బు పేరుతో వెతుకు. ప్రతి లైనుకీ సీవీసీఎల్‌తో మొదలయ్యే నంబరు ఒకటుంటుంది, మారుపేర్లన్నీ దాని కిందే. వేరే కణాలు కలిసిపోయినవాటికి హెచ్చరిక పెడతారు, అది చూడకుండా ముందుకెళ్లకు.

ఇంకొకటి, ఇదే అసలైనది: ఈ జబ్బు డిస్ట్రోఫిన్ జన్యువు పాడవడం వల్లే వస్తుంది కదా, నీ కణాల్లో ఆ జన్యువులో ఏ ఎక్సాన్ (ప్రొటీన్ సమాచారం ఉండే ముక్క) పోయిందో చూసుకో. 51వ ఎక్సాన్‌ని కణం చదవకుండా దాటించే చికిత్స పద్ధతి 50 పోయిన కణాలకి సరిపోతుంది, 44 పోయినవాటికి సరిపోదు. ఇది చూసుకోకపోతే నెలల కష్టం వృథా.

ఆ కణాల్ని తెప్పించుకోవడానికి మీ సంస్థ తరఫున ఒప్పందం మీద సంతకం కావాలి. మీ గైడుగారికి ఇవాళే చెప్పమ్మా.