డోనర్ యాక్షన్ కొనేముందు బోల్ట్ ఎత్తి చూడు తమ్మీ

నీ ప్రశ్న చదివాను. జడ్చర్ల నుంచి వెళ్లి టెక్సస్‌లో స్థిరపడ్డావు, గ్రీన్ కార్డ్ వచ్చింది, జింకల వేటకు 308 వించెస్టర్ అనే తూటాకు ఒక బోల్ట్ యాక్షన్ రైఫిల్ నీకు నచ్చినట్టు కట్టించుకోవాలనుకుంటున్నావు. యాక్షన్ అంటే తూటా వెనక మూసుకునే బోల్టూ, అది కదిలే రిసీవర్ అనే ఉక్కు భాగమూ. ఆ యాక్షన్ కోసం కొనే పాత రైఫిలే డోనర్. అక్కడ టెక్సస్‌లోనే తాకట్టు దుకాణంలో పాత మౌజర్ ఒకటి చౌకగా కనబడింది. దాని యాక్షన్ తీసుకోవాలా, వాడిన రెమింగ్టన్ 700 చూడాలా, హోవా, సావేజ్ లాంటివి మేలా అని అడిగావు. చివర్లో కల్వకుర్తిలో తాతగారి 315 రైఫిల్‌కు వేరే తూటా బ్యారెల్ వేయించొచ్చా అని కూడా అడిగావు. దాని సంగతి తర్వాత చెప్తాను.

నాది మిర్యాలగూడ. మా మేనమామకు లేత్ షాపు ఉండేది. రైస్ మిల్లుల షాఫ్టులు, పుల్లీలు అక్కడికే వచ్చేవి. టెన్త్ అయ్యాక నేను పని నేర్చుకున్నది ఆ లేత్ మీదే. తర్వాత టెక్సస్‌లో ఆయిల్ ఫీల్డ్ విడిభాగాలు చేసే మిషన్ షాపులో 14 ఏళ్లు చేశాను. ఇప్పుడు నల్గొండలో ఉంటున్నాను. అక్కడున్నప్పుడు రెండు రైఫిళ్లు కట్టించుకున్నాను. మొదటిది పూర్తి కాలేదు. అది ఎందుకు ఆగిపోయిందో చెబితే నీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

అప్పుడు నేను కూడా చౌకకే పడ్డాను. మిలిటరీ మౌజర్ 98, చెక్ దేశంలో చేసిన వీజెడ్-24. ఎవరో అంతకుముందే కట్టె కోసి, వేట రైఫిల్‌గా మార్చేశారు. 190 డాలర్లకు దొరికింది. ఎంత సంతోషపడ్డానో! పైన స్కోప్ పెట్టడానికి రిసీవర్‌కు రంధ్రాలు వేసి త్రెడ్ కొట్టించడానికి 80 అయింది. నిటారుగా ఉండే బోల్ట్ హ్యాండిల్ స్కోప్‌కు తగలకుండా వంపుగా వెల్డ్ చేయించడానికి 110. పాత ట్రిగ్గర్, పాత సేఫ్టీ తీసి కొత్తవి వేయడానికి 160. అన్నీ కలిపి 540 డాలర్లు. అప్పుడు బ్యారెల్ బిగించమని ఫోర్ట్ వర్త్‌లో గన్‌స్మిత్ (తుపాకుల పని చేసే మనిషి) దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన గేజీ తీయలేదు, కొలత తీయలేదు. బోల్ట్ మూసి, రెండు వేళ్లతో హ్యాండిల్ మెల్లగా పైకి ఎత్తాడు. మళ్లీ మూశాడు, మళ్లీ ఎత్తాడు. నా చేతికిచ్చి "నువ్వు ఎత్తు" అన్నాడు. ఎత్తాను. మొదట్లో ఒక చిన్న పట్టు, తర్వాత జారినట్టు వదులు. గుంటలో కూర్చున్న బండి చక్రాన్ని ముందుకు తోస్తే మొదట మొరాయించి తర్వాత పోతుంది చూడు, సరిగ్గా అలా. పళ్ల డాక్టర్లు వాడే వంకర సూది లాంటిది ఒకటి తీసి, రిసీవర్ లోపల లగ్గులు (బోల్ట్‌ను బిగించి ఆపే పళ్లు) ఆనే చోట మొనతో గీకి చూపించాడు. సూది ఒక మెట్టు దగ్గర ఆగింది. ఎన్నో ఏళ్ల కాల్పులకు బోల్ట్ లగ్గులు వెనక్కి గుద్దుకుని, రిసీవర్ లోహంలో గుంట పడింది. దీన్ని లగ్ సెట్‌బ్యాక్ అంటారు.

ఆ గుంటను లేత్ మీద చదును చేస్తే సరిపోదా అని అడిగాను. లేత్ మనిషిని కాబట్టి నాకు అదే తోచింది. కానీ పాత మౌజర్ రిసీవర్ పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, లోపలి ఉక్కు మెత్తన. ఆ గట్టి పొరను కోసేస్తే కింద మెత్తని లోహం బయటపడుతుంది, గుంట మళ్లీ పడుతుంది. అది నిలవాలంటే తిరిగి హీట్ ట్రీట్‌మెంట్ (వేడిచేసి ఉక్కును గట్టిపరచడం) చేయించాలి. ఆ ఖర్చు పెట్టినా రిసీవర్ వంకర పోదన్న హామీ లేదు. ఆయన నా కళ్లముందే దాన్ని గ్యాస్ కటింగ్ టార్చ్‌తో ముక్కలుగా కోశాడు, ఇంకొకరి చేతిలో పడకుండా. నాకు బాధేసింది గానీ ఆయన చేసింది సరైన పని. 308 తూటా పేలినప్పుడు ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, ఒత్తిడికి పరిశ్రమ పెట్టుకున్న పరిమితి 62,000 పీఎస్‌ఐ. మన కారు టైర్లో ఉండేది ముప్పైకి కాస్త అటూ ఇటూ. ఆ ఒత్తిడిని మన ముఖం నుంచి దూరంగా ఆపేది ఆ లగ్గులూ, అవి ఆనే ఆ గోడలే.

అందుకే నేను గట్టిగా చెప్పే మాట ఇది: యాక్షన్ చూసేటప్పుడు, బాగు చేసుకోగలిగినవి ఏవి, చేసుకోలేనివి ఏవి అని ముందే విడదీసుకో. ట్రిగ్గర్ బాగోలేదా, మార్చొచ్చు. రంగు పోయిందా, కట్టె పగిలిందా, బ్యారెల్ అరిగిందా, ఇవేవీ లెక్కలోకి తీసుకోకు. నిజానికి బ్యారెల్ అరిగిన రైఫిలే డోనర్‌గా చౌకగా దొరుకుతుంది. కానీ లగ్గుల సీట్లు గుంటపడటం, హీట్ ట్రీట్‌మెంట్ లోపం, రిసీవర్‌లో పగుళ్లు, స్కోప్ రంధ్రాలు పక్కకు పోయి వంకరగా ఉండటం, త్రెడ్లు చెడిపోవడం, ఇవి ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలెయ్. ఇంకో ఉదాహరణ చెప్తాను. పాత స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిళ్లలో సీరియల్ నంబర్ 800,000 లోపు ఉన్నవీ, రాక్ ఐలండ్‌లో చేసినవైతే 285,507 లోపువీ, ఉక్కు పెళుసుగా తయారైందని పేరుపడ్డాయి. బయటికి ఎంత అందంగా కనబడినా వాటి మీద కొత్త రైఫిల్ కట్టరు.

ఇక ఏ తూటా అనేది ముందే తేలాలి. యాక్షన్ తర్వాత. నువ్వు 308 అని అనుకున్నావు కాబట్టి పని తేలికైంది. తూటా అడుగు పట్టుకునే బోల్ట్ ముఖం కొలతలు సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి: 223 లాంటి చిన్నవాటికి 9.6 మిల్లీమీటర్లు, 308, 30-06 లాంటివాటికి 12, మ్యాగ్నమ్‌లకు 13.5. తూటా మొత్తం పొడవు 308కి 71 మిల్లీమీటర్లు, 30-06కి 85 దాకా. అంటే నీకు 12 మిల్లీమీటర్ల బోల్ట్ ముఖం ఉన్న షార్ట్ (పొట్టి) యాక్షన్ సరిపోతుంది. రేపు 6.5 క్రీడ్‌మోర్, 243 తూటాల మీద మనసు పడితే అదే యాక్షన్‌కు బ్యారెల్ మారిస్తే చాలు. మౌజర్ 8×57 తూటా అడుగు కూడా ఆ 12 మిల్లీమీటర్ల కొలతే, కాబట్టి బోల్ట్ ముఖం ఇబ్బంది పెట్టదు. కానీ అది పొడవు యాక్షన్. 308 అందులో నడుస్తుంది గానీ, మ్యాగజీన్‌లో (తూటాలు నింపే పెట్టెలో) వెనక ఖాళీ మిగులుతుంది, సర్దుబాటు కావాలి.

రెండోసారి నేను వాడిన రెమింగ్టన్ 700 షార్ట్ యాక్షన్ కొన్నాను, 308లోనే. బ్యారెల్ బాగా అరిగింది, అందుకే 380కి వచ్చింది. పాత స్టాక్ (భుజానికి ఆనించే కట్టె), ఇతర సామాన్లు అమ్మితే 120 తిరిగి వచ్చింది. ఈసారి డబ్బు ఇచ్చేముందే బోల్ట్ ఎత్తి చూశాను, సూదితో సీట్లు తడిమి చూశాను. గన్‌స్మిత్ లగ్గులకు నీలం రంగు పూసి బోల్ట్ తిప్పాడు. మా మేనమామ మిల్లు బేరింగులు కూర్చోబెట్టేటప్పుడు చేసిన పనే అది, నాకు ఇల్లు గుర్తొచ్చింది. రంగు ఒక లగ్గు దగ్గరే చెరిగింది. అంటే రెండోది ఆనడం లేదు. ఇది గుంటపడటం కాదు, ఫ్యాక్టరీలో వేగంగా చేసినప్పుడు మామూలే. రెండూ సమానంగా ఆనేలా సరిచేశాడు, రిసీవర్ ముఖాన్ని త్రెడ్ల అక్షానికి లంబంగా చదును చేశాడు. బ్యారెల్ బిగించాక 100 గజాల దూరంలో మూడు తూటాలు పాత రూపాయి బిళ్ల కింద దాగాయి.

700 అంటే నాకు ఇష్టం ఎందుకంటే, 1962 నుంచి వస్తోంది, ఏ స్టాక్, ఏ ట్రిగ్గర్, ఏ స్కోప్ బేస్ కావాలన్నా దొరుకుతుంది. రిసీవర్ గుండ్రని గొట్టం కాబట్టి లేత్ మీద పట్టుకుని సరిచేయడం తేలిక. లోపాలు కూడా ఉన్నాయి. పేలిన తూటా గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం, అంటే ఎక్స్‌ట్రాక్టర్, చిన్నది. బోల్ట్ హ్యాండిల్ బ్రేజింగ్‌తో (మధ్యలో వేరే లోహం కరిగించి) అతికించినది, అప్పుడప్పుడు ఊడుతుంది. 2006 నుంచి 2014 మధ్య చేసిన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లను కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది, కాబట్టి ఆ కాలంది కొంటే సీరియల్ నంబర్ పెట్టి చూసుకో. ఇంకొక మాట, సరిచేయించే ఖర్చంతా కలిపితే, 700 కొలతలకే కొత్తగా, నిక్కచ్చిగా కోసిన కస్టమ్ యాక్షన్ ధరకు దగ్గరకొస్తుంది. వేటకు మాత్రమే అయితే అంత అక్కర్లేదు.

హోవా 1500 జపాన్‌ది. వెదర్‌బీ వ్యాన్‌గార్డ్ కూడా వాళ్లు చేసేదే. రిసీవర్ అడుగు చదునుగా ఉంటుంది, పేలినప్పటి తన్నును స్టాక్‌కు అందించే రీకాయిల్ లగ్ రిసీవర్‌లో భాగంగానే వస్తుంది, కాబట్టి స్టాక్‌లో గట్టిగా కూర్చుంటుంది. త్రెడ్ మెట్రిక్‌లో ఉంటుంది, అది గన్‌స్మిత్‌కు ముందే చెప్పాలి. సామాన్లు 700కు దొరికినన్ని దొరకవు. సావేజ్ 110 ఇంకో రకం. 1958లో వచ్చింది. బ్యారెల్‌ను నట్‌తో బిగిస్తారు, కాబట్టి హెడ్‌స్పేస్‌ను (మూసిన బోల్ట్ ముఖానికీ, ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరాన్ని) గేజీలతో సర్దుకోవచ్చు. 308కి గో గేజీ 1.630 అంగుళాలు, నో-గో 1.634. మొదటిదానిపై బోల్ట్ మూసుకోవాలి, రెండోదానిపై మూసుకోకూడదు. ఆ తేడా అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో నాలుగు భాగాలే అని గుర్తుపెట్టుకో. నీకు లేత్ పని రాదన్నావు కాబట్టి, నేర్చుకునే ఓపిక ఉంటే సావేజ్ మీదే నేర్చుకోవచ్చు, అదీ మొదటిసారి తెలిసినవాడు పక్కన ఉన్నప్పుడు.

మౌజర్ అంటే అంత మోజు ఉంటే నేను వద్దనను. ఆ పొడుగాటి పంజా లాంటి ఎక్స్‌ట్రాక్టర్ తూటాను మ్యాగజీన్ నుంచే పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. బోల్ట్ వెనక మూడో లగ్గు ఉంటుంది. కానీ 1898కి ముందువి, 93, 95, స్వీడిష్ 96 లాంటివాటికి ఆ మూడో లగ్గు ఉండదు, 308కి వాటిని తీసుకోకు. దొరికితే బెల్జియం కంపెనీ ఎఫ్‌ఎన్ చేసిన కమర్షియల్ (మిలిటరీకి కాక జనానికి అమ్మిన) యాక్షన్ చూడు. కట్టె, ముద్రలు, నంబర్లు చెక్కుచెదరని మిలిటరీ రైఫిల్ దొరికితే మాత్రం కోయించకు, దాన్ని అలాగే దాచుకునేవాళ్లున్నారు. ముందే ఎవరో కోసేసిన దాన్నే డోనర్‌గా తీసుకో.

కొనేటప్పుడు కాగితం సంగతి. అమెరికా చట్టంలో రిసీవర్ ఒక్కటే ఉన్నా అది తుపాకీ కిందే లెక్క. దుకాణంలో కొంటే 4473 ఫారం, బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పవు. నీకు గ్రీన్ కార్డ్ ఉంది, ఇబ్బంది లేదు. కానీ హెచ్-1బి మీద ఉన్న నీ స్నేహితులు కూడా చదువుతారు కాబట్టి చెప్తున్నాను: ఆ వీసా మీద తుపాకీ గానీ తూటా గానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. లాయర్‌ను అడగకుండా, ఎవరో చెప్పారని దిగొద్దు. వీసా ఒక్కటే కాదు, జీవితమే చిక్కుల్లో పడుతుంది.

తాతగారి 315 గురించి. అది పశ్చిమ బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసినదైతే లీ-ఎన్‌ఫీల్డ్ తరహా యాక్షన్, లగ్గులు వెనక వైపు ఉంటాయి. దాని మీద వేరే తూటాకు బ్యారెల్ కట్టించాలన్న ఆలోచన మానెయ్. మన దగ్గర 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ తయారీ, మార్పు, రిపేరు కూడా లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి. తాతగారు పోయి ఉంటే ఆ రైఫిల్ ఇంట్లో ఉండకూడదు. పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, వారసుడు తన పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే. మీ అన్నయ్యకు ఇవాళే ఫోన్ చేసి చెప్పు.

నా చిన్నప్పుడు ఒకాయన గోనెసంచిలో నాటు తుపాకీ గొట్టం చుట్టుకుని మా మామ లేత్ దగ్గరికి వచ్చాడు, లోపల కాస్త నునుపు చేసిపెట్టమని. వేరుశనగ చేను మీద పందులు పడుతున్నాయట, ఆయన బాధ నిజమే. మామ గొట్టాన్ని చేత్తో కూడా తాకలేదు. చాయ్ తాగించి పంపించాడు. ఆ రాత్రి నాతో, "మన కొలత తప్పితే మిల్లు ఆగుతుంది, దాని కొలత తప్పితే మనిషి పోతాడు" అన్నాడు. ఫోర్ట్ వర్త్‌లో నా రిసీవర్ మీద టార్చ్ మంట పడుతున్నప్పుడు నాకు ఆయన ముఖమే కనబడింది.

శనివారం ఆ దుకాణానికి వెళ్తానన్నావు కదా. చిన్న టార్చిలైటు, ఆ వంకర సూది తీసుకెళ్లు. ముందు ఛాంబర్, మ్యాగజీన్ ఖాళీగా ఉన్నాయని నీ కళ్లతో చూసుకో, తర్వాత దుకాణదారుని అడిగి బోల్ట్ పదిసార్లు మెల్లగా మూసి ఎత్తు. బోల్ట్ బయటికి తీయనిస్తే లగ్గుల వెనక వైపు, రిసీవర్ రింగ్ మీద ముద్రలు, సీరియల్ నంబర్ ఉన్న చోటు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు. నంబర్‌లో చివరి అంకెలు చెరిపేసి పెట్టు. చూసి చెప్తాను.