మీ నాయన అంగడి గురించి రాయమ్మా

కర్నూలు

అమ్మాయీ,

ఆశీస్సులు. మీ నాయన సంవత్సరీకం నాటికి ఆయన మీద నాలుగు పేజీలు రాసి, అచ్చు వేయించి, బంధువులకూ సందులో వాళ్లకూ పంచాలనుకుంటున్నావు. చదివి చెప్పమని పంపావు. నిదానంగా చదివాను. నీకు రాయడం వస్తుంది. ఆ సంగతి ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి రాసేది కాస్త కటువుగా ఉంటుంది.

నీ వ్యాసంలో మీ నాయన కష్టజీవి, నిజాయితీపరుడు, మృదుభాషి, కుటుంబమే లోకంగా బతికిన మనిషి. అన్నీ నిజమే అయ్యుంటాయి. కానీ ఏ సంతాప సభకు పోయినా, ఎవరి గురించైనా ఇవే మాటలు వినపడతాయి. నీ పేజీలో ఆయన ఫోటో తీసేసి ఇంకొకాయన ఫోటో పెడితే ఒక్క అక్షరం మార్చాల్సిన పని ఉండదు. చదివేవాళ్లకు మీ నాయన కనపడాలంటే ఆయన పని కనపడాలి. ఏం తూచాడు, ఏం రాసుకున్నాడు, ఎవరికి లేదన్నాడు, ఎవరికి లేదనలేకపోయాడు, అవి రాయి.

మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. రాత్రి అంగడి తలుపులేసినాక కూడా ఉప్పు బస్తా అరుగు మీదే ఉండేదని రాశావు. అక్కడ ఆగిపోయాను. లోపల పెడితే చెమ్మకు తక్కిన సరుకు పాడవుతుంది, బయట పెడితే ఉప్పును ఎవరూ ముట్టుకోరు. మా చిన్నప్పుడు ప్రతి చిల్లరంగడి ముందూ అట్లాగే ఉండేది. ఆ ఒక్క బస్తాతో మీ సందు, ఆ కాలం, ఇరుగుపొరుగు మీద ఆయనకున్న ధీమా అన్నీ నాకు తెలిసిపోయాయి. నువ్వేమో వెంటనే ‘ఆయన అందరినీ నమ్మేవాడు’ అని కింద ఇంకో వాక్యం తగిలించావు. దాన్ని కొట్టెయ్. బస్తా చెప్పేసింది కదా.

అట్లాంటివి నీ దగ్గర ఇంకా ఉన్నాయి. విచిత్రమేమిటంటే అవి నువ్వు నాకు రాసిన ఉత్తరంలో ఉన్నాయి, వ్యాసంలో లేవు. తక్కెడ ఉన్న రోజుల్లో చక్కెర తూచేటప్పుడు ముల్లు మధ్యకు వచ్చినాక కూడా ఇంకో చిటికెడు వేసి, సరుకు తట్ట కొంచెం మొగ్గితే గానీ ఇచ్చేవాడు కాదన్నావు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చి అంకె సరిగ్గా చూపించినా చెయ్యి ఊరుకోక నాలుగు పలుకులు పైన వేసేవాడన్నావు. ఇది వ్యాసంలో ఎందుకు లేదు? పొట్లం కట్టే తీరు ఎందుకు లేదు? పాత పేపరు చుట్టి, అడుగు మడిచి, పైన వేలాడే పురికొస ఉండ నుంచి దారం సర్రున లాగి, పొట్లం చుట్టూ తిప్పి, కత్తెర లేకుండా వేలికి మెలిపెట్టి తెంపేవాళ్లు. ఏళ్ల తరబడి అట్లా తెంపితే వేలికి గీత పడుతుంది. మీ నాయనకు ఏ వేలికి పడిందో మీ అమ్మను అడుగు. ఆమెకు తెలిసే ఉంటుంది.

నేనెందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. సీమ గురించి రాసేవాళ్లంతా కరువు రాశారు, ఫ్యాక్షన్ రాశారు, ఎండిపోయిన వేరుశనగ బుడ్డల పంట రాశారు. రాయాల్సిందే. కానీ ఆ కథల్లో అంగడాయన ఎప్పుడైనా వస్తే పిసినారిగానో, వడ్డీల మనిషిగానో వచ్చి రెండు మాటలని వెళ్లిపోతాడు. పంట పోయిన ఏడాది ఊళ్లకు ఊళ్లు ఉద్దెర మీద తిన్నాయి కదా, ఆ ఉద్దెర ఇచ్చినవాడి రాత్రి ఎట్లా గడిచిందో ఎవరూ రాయలేదని నాకు బాధ. హోల్‌సేల్ వాడికి వారం తిరిగేసరికి డబ్బు కట్టాలి, సందులో వాళ్లు నెల తిరిగినా ఇవ్వరు. ఆ రెండింటి మధ్య నలిగిన మనిషి మీ నాయన. ఆయన కష్టమంటే బస్తాలు మొయ్యడం ఒక్కటే అనుకోకు. ఆ టెన్షన్ మోయడం దానికంటే పెద్ద కష్టం.

ఇక వరద సంగతి. ‘2009 వరదలో సర్వం కోల్పోయి, మొక్కవోని ధైర్యంతో మళ్లీ నిలబడ్డాడు.’ ఒక్క వాక్యంలో తేల్చేశావు. అమ్మాయీ, నీ వ్యాసానికి గుండెకాయ అదే. సగం పేజీలు దానికే ఇవ్వు. క్యాలెండర్ ముందు పెట్టుకో. ఆ ఏడాది దసరా సెప్టెంబర్ 28, దీపావళి అక్టోబర్ 17. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడింది అక్టోబర్ 2న. అంటే దసరా అయిపోయి, దీపావళికి సరుకు దింపుకునే రోజులు. మామూలు రోజుల్లో కంటే అంగట్లో సరుకు ఎక్కువ ఉండి ఉండాలి, అందులో అప్పు తెచ్చిన సరుకు ఎంతో కనుక్కో. నీళ్లు ఏ అర దాకా వచ్చాయి? చక్కెర, ఉప్పు కరిగి పోతాయి. బియ్యం ఉబ్బి, బస్తా పగిలి, రెండో రోజుకే వాసన కొడుతుంది. నూనె, బురద కలిసి గోడలకు పట్టుకుంటాయి, ఎంత కడిగినా పోవు. తడిసిన బియ్యం ఎక్కడ పారబోశారు? పారబోసేటప్పుడు ఆయన ఏమన్నాడు? ఏమీ అనకపోతే అదే రాయి. మళ్లీ తొలి బస్తా ఎవరిచ్చారు, డబ్బు తీసుకునా, మాట మీదనా? మీ అమ్మ గొలుసు అప్పుడు బ్యాంకులో పెట్టారని ఉత్తరంలో ఒక మూల రాశావు. ‘మొక్కవోని ధైర్యం’ తీసేసి ఆ గొలుసు పెట్టు.

ఖాతా పుస్తకం తడిసినా అక్షరాలు నిలిచాయన్నావు, బాల్‌పెన్నుతో రాశాడు కాబట్టి. దాన్ని మేడ మీద ఎండబెట్టి, పేజీకి పేజీ విడదీసి, రాత్రుళ్లు కొత్త పుస్తకంలోకి ఎక్కించాడట. మొదటి పేజీలో పసుపు, కుంకుమ, శ్రీకారం. తర్వాత ‘టైలరు భాయ్’, ‘రెండో సందు అక్క’, ‘మేస్త్రీ పెద్ద కొడుకు’. పేర్లు లేవు, అందరూ ఎవరో ఒకరి వరసే. ఆ పుస్తకం ఇప్పటికీ మీ ఇంట్లో ఉందంటే నువ్వు అదృష్టవంతురాలివి. రెండు మూడు పేజీలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాయి, ఆయన రాసిన తప్పులతో సహా. ఒక్క జాగ్రత్త. అప్పు తీర్చనివాళ్ల ఆనవాళ్లు మార్చు. మీ నాయన వాళ్లను బజార్లో నిలబెట్టలేదు, ఆయన పేరు మీద నువ్వు నిలబెట్టకూడదు. వ్యాసం చదివేది ఆ సందులోవాళ్లే కదా.

మీ అమ్మ దగ్గరికి వద్దాం. వ్యాసంలో ఆమె రెండు చోట్ల వచ్చింది, రెండు చోట్లా అన్నం వడ్డిస్తూ. పప్పులో రాళ్లు ఏరింది ఎవరు? రాత్రి పిల్లలు పడుకున్నాక మిరియాలు, జీలకర్ర, లవంగాలు చిన్న చిన్న పొట్లాలు కట్టింది ఎవరు? మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చి కునుకు తీసినంతసేపూ గల్లా దగ్గర కూర్చున్నది ఎవరు? పెళ్లిళ్లకు ఇద్దరూ కలిసి పోయిన రోజే లేదన్నావు, ఒకరు పోతే ఇంకొకరు అంగట్లో. అంగడి నడిపింది ఇద్దరు. బోర్డు మీద ఒకరి పేరే ఉంటే ఉండనీ, నీ వ్యాసంలో మాత్రం ఇద్దరూ ఉండాలి.

ఆయన కోపం కూడా రాయి. గల్లా దగ్గర ఎంత ఓపికో ఇంట్లో అంత చిరాకు అని నాకు రాయగలిగావు కదా. పొద్దున్నుంచి పదిమందికి నవ్వుతూ సమాధానం చెప్పిన మనిషికి, రాత్రి ఇంటికొచ్చేసరికి నవ్వు అయిపోయి ఉంటుంది. అది చదివితే ఆయన మీద గౌరవం తగ్గుతుందని భయపడకు. నీ కాలేజీ ఫీజు పదులు, ఇరవైలు కట్టలు కట్టి ఇచ్చాడని, క్లర్కు విసుక్కుంటే నువ్వు సిగ్గుపడ్డావని కూడా రాశావు. ఆ కోపం, ఆ కట్టలు పక్కపక్కనే పెట్టు. వివరించొద్దు.

నోట్ల రద్దు, జీఎస్టీ, సూపర్ మార్కెట్లు, లాక్‌డౌన్ కలిపి ఒక పేజీ రాశావు. అది పేపర్లో వచ్చే వ్యాసం, మీ నాయనది కాదు. ఆ గల్లా దాకా వచ్చినంతే ఉంచు. 2016 నవంబర్ 8 రాత్రి ప్రకటన వస్తే, తెల్లారి బోణీకి పాత ఐదువందల నోటు తెచ్చినవాళ్లకు ఆయన ఏం చెప్పాడు? 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు మన జిల్లాలోనే ఉన్న రోజుల్లో, పొద్దున ఆ కొద్ది గంటలు తలుపు తీశాడా, మూసుకున్నాడా? తీస్తే మీరు ఇంట్లో ఏమన్నారు? ఈ రెండూ చాలు.

మీ నాయనకు నాయన, మీ అబ్బ, ‘రాజధాని రోజుల్లో’ అంగడి పెట్టాడని రాశావు. మంచి సంగతి, కానీ గాల్లో వదిలేశావు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నది 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 దాకా, మూడేళ్లు. ఆఫీసులకు చోటు చాలక గుడారాలు వేసిన కాలం. ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగులు వచ్చారు, వాళ్లందరికీ బియ్యం, నూనె కావాలి. మూడేళ్లకు ఆఫీసులన్నీ హైదరాబాదు వెళ్లిపోయాయి. మరి అప్పుడు బేరాలు ఏమయ్యాయి? ఆ వెంటనే, 1957 ఏప్రిల్‌లో, అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. తర్వాత శేర్లు పోయి కిలోలు వచ్చాయి. కొత్తగా అంగడి పెట్టిన మనిషి లెక్క మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఇది చెప్పగలిగింది మీ నాయనను కన్న మీ జేజి ఒక్కతే. ఆమె ఉంది, మాట తెలివిగా ఉంది అన్నావు. ఇంకా ఆలస్యం దేనికి?

అడిగేటప్పుడు ‘నాయన ఎట్లాంటి మనిషి జేజీ’ అని అడగొద్దు. ‘బంగారు తండ్రి’ అని ఏడుస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. పొద్దున తలుపు తీసి మొదట ఏం చేసేవాడు, నీళ్లు చల్లేవాడా, ఊదుబత్తి వెలిగించేవాడా, బోణీ కాకముందు అప్పు అడిగితే ఏమనేవాడు, రంజాన్ నెలలో సేమియా, ఖర్జూరం ఎక్కణ్ణుంచి తెచ్చేవాడు, ఉగ్గానికి బొరుగులు కొనడానికి పొద్దున్నే ఎవరొచ్చేవాళ్లు, అట్లా అడుగు. ఆమె ఒకటి చెప్పబోయి ఇంకోదాంట్లోకి పోతే ఆపొద్దు, పోనీ. ఫోన్లో రికార్డు పెట్టి పక్కన పెట్టెయ్, చేతిలో పట్టుకుని ఆమె ముందు ఆడించకు.

రెండో ప్రతిని వరదతో మొదలుపెట్టు. పుట్టిన తేదీ, వంశం, బిరుదులు తర్వాత ఎక్కడో ఒక చోట వస్తాయిలే. పేజీలు పెరుగుతాయని భయపడకు, అచ్చు ఖర్చు సంగతి తర్వాత చూద్దాం. సంవత్సరీకానికి నెల ముందే నాకు పంపు, మీ అమ్మకు చదివి వినిపించినాకే పంపు. ఆమె ఎక్కడైనా ‘అట్లా కాదే’ అంటే, అక్కడ ఆమె చెప్పింది రాసుకో.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న లాంటివాణ్ణి