నీ ఛాయకి నప్పే రంగు

అమ్మడూ,

ఉద్యోగంలో చేరేలోపు బట్టలు కొనుక్కోవాలి, నా రంగుకి ఏవి నప్పుతాయి పెద్దమ్మా అని అడిగావు. ఆ వెంటనే ‘చామనఛాయకి లేత రంగులే బాగుంటాయట కదా’ అని జవాబు కూడా నువ్వే చెప్పేశావు. ఎవరన్నారో గానీ, ఇన్నేళ్ళు ఇంట్లో చీరలు అమ్మినదాన్ని చెబుతున్నా, ఆ మాట బుర్రలోంచి తీసెయ్. వెలిసినట్టుండే లేత గులాబీ, లేత బూడిద రంగులే చామనఛాయ ముఖాన్ని నీరసంగా చూపిస్తాయి. అదే ముఖం దగ్గర వంగపండు రంగో, నెమలికంఠం రంగో పెట్టి చూడు, ముందు కళ్ళు కనిపిస్తాయి. తెల్లటివాళ్ళకి అన్నీ నప్పుతాయన్నదీ ఒట్టిమాటే. బాగా పాలిపోయిన తెలుపు మీద గంధం రంగు చీర కడితే మనిషి ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఎంత తెలుపు, ఎంత నలుపు అన్నది వదిలేసి, ఒంటిరంగులో పసుపు జీర ఉందా, గులాబీ జీర ఉందా చూసుకో. మణికట్టు దగ్గర నరాల రంగు చూడమంటారు. మనలాంటివాళ్ళకి అవి సరిగా కనపడవు. ఒక చెవికి బంగారు దుద్దు, రెండో చెవికి వెండిది పెట్టుకుని పగటి వెలుగులో అద్దం చూడు. బంగారం వైపు కళగా ఉంటే పసుపు జీర ఉన్నట్టు, మెంతి రంగు, ఇటుక రంగు, తేనె రంగు, ముదురు ఆకుపచ్చ నీవి. వెండి వైపు బాగుంటే గులాబీ జీర, అప్పుడు నేరేడుపండు రంగు, రాణీ పింక్, ముదురు నీలం. రెండు వైపులా బాగుంటే నీ అదృష్టం, ఈ పేరా చింపేసుకో.

కొట్లో లైట్ల కింద చూసి ఎప్పుడూ ఖాయం చేయకు. అక్కడ మెరూన్ అనుకున్నది వీధిలోకి వచ్చేసరికి కాఫీపొడి రంగు అవుతుంది. మొహమాటపడకుండా గుమ్మం దాకా తెచ్చుకుని, గడ్డం కింద పట్టుకుని చూడు. పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక (అడ్డపోగులు) ఒక రంగు వేసి నేసినవి మడతలో ఒకలా, కట్టుకుంటే ఒకలా ఉంటాయి, వాటిని విప్పి కుచ్చెళ్ళు పెట్టి చూపించమను. చీర అయిదున్నర మీటర్లున్నా ముఖానికి దగ్గరుండేది జాకెట్టూ పైటా మాత్రమే. అందుకే నప్పని రంగు చీర ఎవరైనా పెట్టినా బెంగపడక్కర్లేదు, నప్పే జాకెట్టుతో నెగ్గుకురావచ్చు. డ్రెస్సులకైతే ఆ పని చున్నీ చేస్తుంది.

కాలాన్ని బట్టి ఛాయ కూడా మారుతుంది. రోహిణి కార్తె నాటికి ఎండకి కమిలి ఉంటాం కాబట్టి సంక్రాంతికి నప్పిన రంగు అప్పుడు తేలిపోవచ్చు. వేసవికి మీగడ తెలుపు, లేత నిమ్మపండు రంగు మంగళగిరి నూలు కొనుక్కో. ముదురు రంగులు ఎండని పీల్చుకుంటాయి. బూడిద రంగు నూలు మాత్రం వద్దు, చంకల్లో చెమట తడి ఊరందరికీ కనిపిస్తుంది. పెడన కలంకారీ అద్దకమైతే తడినీ మరకనీ రెండింటినీ దాచేస్తుంది.

వానల్లో మబ్బు వెలుగుకి చిలకపచ్చ, కనకాంబరం రంగు ముఖాన్ని చక్కగా ఎత్తి చూపిస్తాయి. తెల్ల ప్యాంట్ల జోలికి వెళ్ళకు, బురద చింది పాడవుతాయి.

చలికాలంలో చర్మం పొడిబారి బూడిద తేలుతుంది. ముందు కొబ్బరినూనె రాసుకో, రంగుల సంగతి తర్వాత. ఆ పైన మెరూన్, ముదురు పసుపు వెచ్చగా ఉంటాయి. నలుపు ఆఫీసుకి హాయిగా వేసుకో, పెళ్ళిళ్ళలో మాత్రం మీ బామ్మ కంటపడకు.

అన్నీ ఒకేసారి కొనేయకు, ఈ కాలానికి సరిపడా చాలు. ముందు దుద్దుల పని చేసి ఏ చెవి గెలిచిందో ఫోన్ చేసి చెప్పు. ఫొటో పంపకు, ఆ కెమెరాలు అందరినీ ఒకే రంగులోకి దింపేస్తున్నాయి.

మీ పెద్దమ్మ