మే నెలలో విజయవాడలో ఫీల్డ్ ఉద్యోగం: 7 వేలల్లో ఆఫీసు బట్టలు ఎలా సర్దుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు నుంచి వచ్చి మే మొదటివారంలో విజయవాడలో బ్యాంకు బ్రాంచిలో చేరాలి. సగం రోజు బండి మీద కస్టమర్ల దగ్గరికి తిరగాలి. ఫార్మల్స్ తప్పనిసరి. ఉండేది హాస్టల్లో. షూ ఒక జత ఉంది, బట్టలకు 7 వేలు ఉన్నాయి.

ముందు ఎండ సంగతి. రామగుండం వైపు వేడి పొడిగా ఉంటుంది, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. విజయవాడలో పక్కనే కృష్ణ, కాస్త దూరంలో సముద్రం. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఒంటి మీద ఆరదు, చొక్కాకు పడుతుంది. అందుకే ఇక్కడ బ్రాండ్ చూసి కాదు, బట్ట చూసి కొనాలి. పత్తి నూలు తన బరువులో 8 శాతం దాకా తేమను పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. పాలిస్టర్, పత్తి కలిపి నేసిన టెరీకాటన్ చొక్కా షాపులో ముడత లేకుండా ముచ్చటగానే ఉంటుంది, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే వీపుకు అతుక్కుపోతుంది.

షాపులో హ్యాంగర్‌కు వేలాడే అట్ట మీద ఏం రాశారో నమ్మకండి. చొక్కా లోపల, పక్క కుట్టులో కుట్టేసిన చిన్న లేబుల్ చూడండి. 'కాటన్ రిచ్', 'కాటన్ ఫీల్' అని ఉంటే అందులో పాలిస్టర్ కలిసినట్టే లెక్క. లేబుల్ లేని చొక్కా అయితే లోపలి కుట్టు అంచు నుంచి ఒక పోగు లాగి, బయటికొచ్చి అగ్గిపుల్లతో అంటించండి. పత్తి కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి చివర గట్టి పూస కడుతుంది. రెండూ కలిసిన బట్టకు కొంత బూడిద, కొంత పూస. తర్వాత కాలరును రెండు వేళ్లతో నలిపి చూడండి. పై గుడ్డ, లోపల గట్టిదనం కోసం పెట్టే బక్రం గుడ్డ విడివిడిగా జారుతున్నట్టు తగిలితే వదిలేయండి. అలాంటి కాలరు నాలుగు ఉతుకులకే బుడగలు లేస్తుంది, ఇస్త్రీ చేసినా అణగదు.

రంగు దగ్గర చాలామంది దెబ్బతింటారు. లేత నీలం, బూడిద రంగు ప్లెయిన్ చొక్కాల మీద చంకల్లో, వీపున తడి మచ్చ దూరానికే కనబడుతుంది. ముదురు నీలంలో తడి కనబడదు గానీ ఆరాక తెల్లని ఉప్పు చారలు తేలతాయి. తెలుపు, సన్న గళ్లు, సన్న గీతలు అయితే రెండూ పెద్దగా బయటపడవు. స్లిమ్ ఫిట్ జోలికి పోకండి. ఛాతీ కొలత కన్నా చొక్కా చుట్టుకొలత కనీసం 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, లోపల గాలి ఆడేది అక్కడే. చేతులు ఫుల్ హ్యాండ్స్ తీసుకోండి. బండి మీద ఎండ నేరుగా తగలదు, లోపలికి వచ్చాక మడుచుకోవచ్చు.

7 వేల లెక్క నేనైతే ఇలా వేస్తాను. రేట్లు షాపును బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. సుమారు 750 చొప్పున చొక్కాలు 5 అంటే 3,750. ప్యాంట్లు 2, వెయ్యి చొప్పున 2,000. హాఫ్ చేతుల కాటన్ బనియన్లు 6, 780. కాటన్ సాక్సులు 5 జతలు, 300. మిగిలే 170తో హ్యాంగర్లు, ఉతుకు సబ్బు. చొక్కాలు అయిదే ఎందుకంటే, మేలో రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దునకు ఆరిపోతాయి, మూడున్నా నడుస్తుంది. జులైలో ముసురు పట్టాక హాస్టల్ వరండాలో రెండు రోజులైనా ఆరవు, ఆ అదనపు రెండూ అప్పటికి.

ప్యాంటు దగ్గర మాత్రం కాటన్ మీద పంతం వద్దు. పూర్తి కాటన్ ప్యాంటు బండి మీద గంట కూర్చుంటే మోకాళ్ల దగ్గర ఉబ్బుతుంది, మడత పోతుంది. ఒకటి పలుచని పాలీ విస్కోస్ (పాలిస్టర్, విస్కోస్ కలిపిన బట్ట), ముదురు బూడిద రంగులో. రెండోది పలుచని కాటన్, ఇసుక రంగులో. పాలీ విస్కోస్ ఉతికితే రాత్రికి రాత్రే ఆరుతుంది, అసలు పనికొచ్చేది అదే. నలుపు వద్దు, మధ్యాహ్నం ఎండలో తొడలు కాలతాయి.

అందరూ తేలిగ్గా తీసుకునేది బనియన్. కట్ బనియన్ చంకల్ని కప్పదు, చెమట నేరుగా చొక్కాకే పోతుంది. హాఫ్ చేతులది అయితే ముందు అదే పీల్చుకుంటుంది. తెల్ల చొక్కా కింద తెల్ల బనియన్ అంచు గీతలా కనబడుతుంది, ఒంటి రంగుకు దగ్గరగా ఉన్నదో లేత బూడిద రంగుదో తీసుకోండి. రోజూ బ్యాగులో ఒక పొడి బనియన్, చిన్న తువ్వాలు, ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకోండి. మధ్యాహ్నం తిరిగొచ్చాక ఏసీలోకి అడుగు పెట్టకముందే తుడుచుకుని బనియన్ మార్చేయండి. తడిసిన దానితోనే ఏసీలో కూర్చుంటే వణుకు పడుతుంది, సాయంత్రానికి వాసన మొదలవుతుంది. బ్యాగు వీపున తగిలించుకోకండి, అక్కడ చొక్కా తడిసి ముద్దవుతుంది, పట్టీలు ఒరుసుకుని భుజాల దగ్గర బట్ట నలుగుతుంది.

ఉతకడంలో ముఖ్యం ఆలస్యం చేయకపోవడం. విడిచిన చొక్కా కుప్పలో పడేసి ఆదివారం దాకా ఉంచితే చెమట మరకలు పసుపెక్కుతాయి. ఆ రాత్రే మామూలు నీళ్లలో జాడించి, కాలరు, చంకల దగ్గర సబ్బు రుద్ది ఉతకండి. పసుపు మరక మీద బ్లీచింగ్ వేస్తే ఇంకా ముదురుతుంది, వేయకండి. హాస్టల్లో బోరు నీళ్లయితే సబ్బు సరిగా నురగ రాదు, మిగిలిన సబ్బు బట్టలోనే ఉండి కాలరు మెడకు గీరుకుంటుంది. కుళాయి నీళ్లు దొరికితే చివరి జాడింపు వాటితో చేయండి. ఆరేయడం తిరగేసి, నీడలో. గంజి కావాలంటే కాలరుకు, కఫ్‌లకు చాలు. చొక్కా మొత్తానికి పెడితే గాలి ఆడదు, చెమటకు జిగురుగా తయారవుతుంది.

అన్నీ బెంగళూరులోనే కొనకండి. రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, బనియన్లు తెచ్చుకోండి. మొదటి వారం బ్రాంచిలో అందరూ ఏం వేసుకుంటున్నారో చూడండి. కొన్నిచోట్ల ఫలానా రంగే వేసుకోవాలంటారు, కొన్నిచోట్ల టై కూడా అడుగుతారు. మిగతావి ఇక్కడే, రెడీమేడ్ అయితే బీసెంట్ రోడ్డులో, తానుల్లోంచి కోయించుకుని కుట్టించుకుంటే వన్ టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌లో. ఫుల్ హ్యాండ్స్ చొక్కాకు 58 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అయితే మీటరున్నర పైన కాస్త, 36 పన్నా అయితే రెండుంపావు నుంచి రెండున్నర మీటర్లు పడుతుంది. కుట్టించే ముందు గుడ్డను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి టైలర్‌కు ఇవ్వండి. 16 అంగుళాల కాలరు 4 శాతం కుంచించుకుంటే అర అంగుళం పైనే పోతుంది, ఇక పై గుండీ పెట్టుకోలేరు. మంగళగిరి చేనేత దగ్గర్లోనే దొరుకుతుంది, ఒంటికి చల్లగా ఉంటుంది, కానీ రోజూ ఇస్త్రీ కావాలి. ముదురు రంగులైతే మొదటి రెండు ఉతుకులు విడిగా ఉతకాలి. అయిదింట్లో ఒకటి అది ఉంచుకోండి, చాలు.

షూ ఒకటే జత కాబట్టి రాత్రి లోపలి అట్టలు బయటికి తీసి, లోపల పాత పేపరు ఉండలు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. మొదటి జీతం రాగానే ఇంకో జత కొని రోజు మార్చి రోజు వేసుకోండి. లినెన్ గురించి కూడా అడిగారు. వేడికి దానంత హాయి ఇంకోటి లేదు గానీ, బండి దిగేసరికి ఒళ్లో, మోచేతుల దగ్గర నలిగి ఉంటుంది. బ్రాంచి మేనేజర్ పట్టింపు లేనివారైతే రెండో విడతలో చూసుకోవచ్చు.