ప్రెసిషన్ బాస్ పలచగా పలుకుతుంటే

గిటార్ వైరు జాక్‌ను ఆంప్ మీద −15 అని రాసి ఉన్న ఇన్‌పుట్‌లో పెట్టి ఉంటారు. అద్దెకు తెచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ ఆంప్‌లో మీ ప్రెసిషన్ బాస్ గిటార్ ధ్వని పలచబడింది అందుకే. ఆ −15 ఇన్‌పుట్ బ్యాటరీ ఉన్న బాస్ గిటార్‌ల బలమైన సంకేతాన్ని తగ్గించడానికి. మీ బాస్‌కు బ్యాటరీ లేదు.

1. ఆంప్ వాల్యూమ్ సున్నాకు తెచ్చి, జాక్‌ను 0 ఇన్‌పుట్‌కు మార్చండి.

2. చాలామంది మరిచేది ఇదే: గిటార్ మీది నాబ్‌లు రెండూ చివరిదాకా తిప్పి, లావు తీగను గట్టిగా మీటుతూ ఆంప్‌లో గెయిన్ (లోపలికి వచ్చే సంకేతాన్ని పెంచే నాబ్) పెంచండి. గరగర మొదలవగానే కొంచెం తగ్గించండి. అంతవరకూ ఈక్వలైజర్ (బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు) ముట్టుకోవద్దు. విజయనగరంలో సిరిమాను సంబరం రోజున డప్పుల హోరులో వినబడాలంటే ఆ తర్వాత పెంచాల్సింది మిడ్ నాబ్, బాస్ నాబ్ కాదు.

3. 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న క్యాబినెట్ అడగండి. 1969 నుంచి ఎస్‌వీటీకి అదే జోడీ, నాకు ప్రాణం. ఆంప్ ఆపకుండా స్పీకర్ కేబుల్ మాత్రం పీకవద్దు.