చిన్నపిల్లలతో పల్లెకు వెళ్తే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాకు నాలుగేళ్ల పాప, మూడు నెలల బాబు. సిటీ వదిలి పల్లెలో స్థిరపడాలని ఉంది. రెండు మూడు ఊళ్లు నచ్చాయి గానీ ఏదీ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ముందు నీళ్లు చూడండి, ఇల్లూ పచ్చదనమూ తర్వాతే. బోరు నీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన మంచివని కాదు, ఫ్లోరైడ్, నైట్రేట్ ఉన్నా కంటికి తెలియదు, కాచినా పోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు దాటకూడదు. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో డబ్బాపాలు కలిపి పడితే మీ బాబు వయసు పిల్లల్లో రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు, అది ప్రాణం మీదికి రావచ్చు. అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి.

ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లు అని కాదు, అర్ధరాత్రి పిల్లాడికి ఫిట్స్ వస్తే ఎంతసేపట్లో చేరతాం, వానాకాలంలో ఆ దారి మునుగుతుందా అని అడగండి. ఇంటి పక్కనే గట్టు లేని బావో, కంచె లేని కుంటో ఉంటే, ఆ ఇల్లు ఎంత నచ్చినా వద్దు.

బడికి వెళ్లి ఓ పూట కూర్చోండి. టీచర్లు ఎంతమంది, ఒకే గదిలో ఎన్ని తరగతులు నడుస్తున్నాయో తెలుస్తుంది. వీధిలో మీ పాప ఈడు పిల్లలున్నారా? దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకైతే బడి భవనం కన్నా ఇదే ముఖ్యం.

అన్నీ కుదిరినా వెంటనే కొనకండి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా అద్దెకుండండి.